బంతి కాలిదగ్గర లేని వేళ

అమలాపురమున జన్మించి బాడ్మింటన్ క్రీడలో లోకప్రసిద్ధి గాంచిన రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్, 2023 ఏప్రిల్ నెలలో జపాను దేశమందలి యొక వ్యాయామశాలలో జరిగిన పరీక్షయందు కొట్టిన స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగముతో రాకెట్టును విడిచెనని గిన్నిస్ గ్రంథమున నమోదైన నాటినుండి, కోనసీమలో ఆట యనిన చెవి కోసికొను పిల్లలలో ఆ సంఖ్యను నోటికి చెప్పలేనివాడు అరుదు. సంఖ్య సత్యమే. కాని ఐదు గ్రాముల బరువును పదునారు ఈకలును గల షటిల్‌కాక్ రాకెట్టును వీడిన క్షణమున మాత్రమే ఆ వేగము గలదై, గాలి నిరోధమువలన వలకు ఆవలివానిని చేరులోపల అందులో అధికభాగమును గోల్పోవును; అదియునుగాక ఆ దెబ్బ పోటీలో కొట్టినది కాదు. సాత్విక్, చిరాగ్ శెట్టి అను జంట 2022లో థామస్ కప్పు గెలిచిన భారతజట్టునకు ఊతమై, 2023లో హాంగ్‌ఝౌ ఆసియాక్రీడల స్వర్ణమును గైకొని, ప్రపంచమున ప్రథమస్థానము నధిష్ఠించుటకు ఆ వేగము సాధనమైన మాట నిజమే యైనను, వలదగ్గర చిరాగ్ ఏ మూలను కాచునో, వెనుకనుండి సాత్విక్ ఏ క్షణమున ఎగురునో, ఎప్పుడు బలముగా కొట్టుట మాని మెల్లగా జారవిడుచునో అను సంగతి ఆ 565లో ఎక్కడను లేదు.

ఆటగానిని కొలుచుటలో నుండు ఈ చిక్కు ఫుట్‌బాల్ స్ట్రైకరు విషయమున పరాకాష్ఠ నందును. ఏలయన, ఆ యాటలో గోలు మిక్కిలి అరుదైన వస్తువు. ఇరువదియిద్దరు మనుష్యులు 90 నిమిషములు పెనగులాడగా ఇరుపక్షములకును గలిపి రెండో మూడో గోళ్లు పుట్టును. వానిని పుట్టించుటకే నియుక్తుడైనవాడు స్ట్రైకరు గనుక, లోకమెల్ల వాని కాలినుండి బంతి వలను దాకిన ఆ రెండు సెకనులను జ్ఞాపకముంచుకొని, మిగిలిన 89 నిమిషములను మరచును. లేదా గోలు రాని దినమున ఆ 89 నిమిషములనే పట్టుకొని వీడు ఒళ్లు వంచలేదని నిందించును. రాజమహేంద్రవరమున గాని కాకినాడయందు గాని రాత్రి దూరదేశపు ఆటను టెలివిజనులో చూచి తెల్లవారి వాదులాడుకొను యువకుల తగవులన్నియు తుదకు రెండు ప్రశ్నలకు వచ్చి నిలుచును: వాడు నిజముగా కష్టపడుచున్నాడా? ఎల్లకాలముల ఆటగాండ్రలో వాని స్థానమెక్కడ? వ్యాఖ్యాతలు మొదటిదానిని వర్క్‌రేట్ అని వ్యవహరింతురు. రెండవదానికి పత్రికలవారు ప్రతి సంవత్సరమును పట్టికలు వేయుదురు. ఈ రెండు ప్రశ్నలును వేరుగా దోచినను ఒకే ప్రశ్నకు రెండు ముఖములని నా నమ్మకము. మన కన్ను వెంబడింపని పనిని మనమెట్లు లెక్కించవలెను అనునదే ఆ ప్రశ్న.

మొదటిదానికి శాస్త్రీయమైన తొలి సమాధానములలో నొకటి 1976లో ఇంగ్లండునుండి వెలువడినది. రైలీ, థామస్ అను పరిశోధకు లిరువురు అచ్చటి ప్రథమశ్రేణి జట్టొకదానిలోని ఆటగాండ్రను తీసికొని, బంతి ఎక్కడ నున్నను దానివంక చూడక, ఎంచుకొన్న యొక్కని పాదములనే కనిపెట్టుచు, వాడిప్పుడు నడచుచున్నాడు, ఇప్పుడు మెల్లగా పరుగిడుచున్నాడు, ఇప్పుడు వెనుకకు అడుగులు వేయుచున్నాడు, ఇప్పుడు దౌడు తీసినాడు అని టేపు రికార్డరులో సంకేతభాషతో చెప్పుచు, తరువాత మైదానపు గుర్తులను బట్టియు అడుగుల నిడివిని బట్టియు దూరములను గణించిరి. ఒక్కొక్క ఆటగాడు ఆటకు సుమారు 8,700 మీటర్లు తిరిగెనని తేలినది. అందరికంటె అధికముగా తిరిగినవారు నడుమ నాడువారు. కాని ఆ గణనలో నన్ను చిరకాలముగా ఆకర్షించినది వేరొక సంఖ్య: ఆ దూరములో బంతిని కాలిదగ్గర నుంచుకొని పోయినది నూటికి రెండు పాళ్లకు లోపు. అనగా దాదాపు తొమ్మిది కిలోమీటర్ల ప్రయాణములో బంతితో సాగినది నూటడెబ్బది మీటర్లకు మించదు. మనము టిక్కెట్టు కొని చూచినదంతయు ఆ నూటడెబ్బది మీటర్లే!

నేడు ఆ టేపు రికార్డరు లేదు. ఆటగాని మెడవెనుక బిగుతైన బనియనులో చిన్న యంత్రమొకటి యుండి ఉపగ్రహముల సాయమున సెకనుకు పదిమారులు వాని స్థానమును గుర్తించుచుండును. 2015 నుండి పోటీ ఆటలలో సైతము ఫీఫా ఇట్టి యంత్రములను అనుమతించినది. ఉన్నతస్థాయి ఆటగాడు 10 మొదలు 12 కిలోమీటర్లు తిరుగుననియు, నాలుగైదు సెకనుల కొకమారు తన గమనరీతిని మార్చుకొనుననియు, పూర్తి వేగపు దౌడు మొత్తము కాలములో అత్యల్పమనియు వాటివలన తెలిసినది. ఇక్కడనే సామాన్యుడు పొరపడుటకు అవకాశము గలదు. పన్నెండు కిలోమీటర్లు తిరిగినవాడు తొమ్మిది తిరిగినవానికంటె ఎక్కువ కష్టపడినాడని పట్టిక చూచిన ప్రతివాడును అనుకొనును. శరీరధర్మశాస్త్రము అట్లు చెప్పదు.

సమతలముమీద పరుగెత్తునపుడు కిలోమీటరొక్కింటికి, శరీరభారపు కిలోగ్రామొక్కింటికి, సుమారు ఒక కిలోకాలరీ శక్తి వ్యయమగును. ఆ వ్యయము వేగమును బట్టి అంతగా మారకుండుట ఆశ్చర్యకరము. ఈ లెక్కన 70 కిలోల మనుష్యుడు పది కిలోమీటర్లు పోయినచో 700 కిలోకాలరీలతో సరిపోవలెను. కాని ఒక ఆటలో ఫుట్‌బాల్ ఆటగాడు వ్యయించునది 1,200 మొదలు 1,500 వరకు నుండునని అంచనా. మిగిలినది ఎక్కడికి పోయినది? కొంత ఊరక నిలిచినపుడు సైతము తప్పని ప్రాణధారణకు, కొంత ఎగురుటకు, తన్నుటకు, మలుపులకు. పెద్దపాలు మాత్రము వేగమును పెంచుకొనుటకు. ఇటలీ దేశపు శరీరశాస్త్రజ్ఞుడు డి ప్రాంపెరోయును వాని సహచరులును 2005లో దీనికొక సొగసైన మార్గము చూపిరి. సమతలముమీద వేగము హెచ్చించుకొనుచు పరుగెత్తువాడు ముందుకు వంగును. ఆ వంగిన శరీరమునకు నేల ఎత్తుగా లేచిన వాలువలె పనిచేయును. కావున ప్రతి సెకనుకును తన వేగమును సెకనుకు మూడు మీటర్ల చొప్పున పెంచుకొనువాడు, వంద మీటర్ల దూరమునకు ముప్పది మీటర్లు లేచు నిట్టవాలు నెక్కుచున్నవానితో సమానుడు, వాని యడుగొక్కటి నిలుకడ పరుగునందలి యడుగునకు మూడు రెట్లు మించిన వ్యయమును కోరును. ఆ వేగవృద్ధి మూడు నాలుగు అడుగులలో ముగిసిపోవును. దూరపు పట్టికలో అది నాలుగైదు మీటర్లు మాత్రమే.

ఇట్టి దౌడునకు వలసిన శక్తి కండరములలో క్రియాటిన్ ఫాస్ఫేటు రూపమున నిలువయై కొద్ది సెకనులకు మాత్రమే చాలును. తరిగిన నిలువలో సగము తిరిగి కూడుటకు సుమారు అరనిమిషమును, పూర్తిగా నిండుటకు మూడు మొదలు ఐదు నిమిషములును పట్టును. నడుచుచున్న స్ట్రైకరును జూచి సోమరి యనువాడు ఈ సంగతిని గమనింపవలెను. దౌడు తీసిన పిమ్మట నడువనివాడు రెండవ దౌడును అదే వాడితో తీయలేడు. లియోనెల్ మెస్సీ ఆటలో అధికభాగము నడకతో గడుపుట లోకమునకెల్ల తెలిసినదే. ఆ నడకలో వాని తల మాత్రము నిలువదు, ఎడమకు కుడికి తిరుగుచు డిఫెండర్ల నడుమ ఖాళీలు ఎటు తెరచుకొనుచున్నవో చదువుచుండును. అయినను నడచువాడెల్ల మెస్సీ కాడు. బంతి పోయినవెంటనే ప్రత్యర్థి డిఫెండరుమీదికి ఉరికి, వానికి తలయెత్తి చూచు వ్యవధి లేకుండ జేసి, తప్పుడు పాసు వేయించు స్ట్రైకరులు కొందరు గలరు. ఆ పాసును మధ్యలో అడ్డగించినవానికి మెప్పు వచ్చును, వేయించినవాని పేరు ఏ లెక్కకును ఎక్కదు.

గోదావరి డెల్టాలో వ్యవసాయము చేయువారికి ఈ భేదము ఒకరు చెప్పనక్కరలేదు. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరముకడ 35 లక్షల క్యూసెక్కుల నీరు పారి సముద్రమున గలిసినది. ఆ జలరాశిని జూచి ఈ యేడు పంట పండునని సంతోషించిన రైతు ఒక్కడును లేడు. చివరి ఆయకట్టునందలి రైతు అడుగునది, వరి చిరుపొట్టకు వచ్చిన వారమున తన తూము గుండ తడి అందెనా యని. స్ట్రైకరు పరుగును సైతము ఆ ప్రశ్నతోనే పరీక్షింపవలెను: పరుగు ఎంత యని అడిగినపిమ్మట, అది ఏ క్షణమున, ఎవనిని స్థానభ్రంశము చేయుటకు, ఎవనికి దారి విడుచుటకు అని కూడ అడుగవలెను.

ఈ విచారమునకు మన తెలుగునేలమీదనే ఉత్తమోదాహరణము గలదు. సికింద్రాబాదు సమీపమున అమ్ముగూడ యందు 1936లో పేద కుటుంబమున పుట్టిన తులసీదాస్ బలరాం ఆ నేలమీద పుట్టిన ఫార్వర్డులలో అగ్రగణ్యుడు. ఆ కాలపు హైదరాబాదు ఫుట్‌బాల్ సామాన్యమైనది కాదు: హైదరాబాదు పోలీసు జట్టు బొంబాయి రోవర్స్ కప్పును 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు గెలుచుకొనెను. ఆ జట్టును తీర్చినవాడును, తరువాత భారతజట్టునకు శిక్షకుడైనవాడును సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిచే ఉపాధ్యాయుడు, స్వభావముచేతను ఉపాధ్యాయుడే. కుడికాలివాటము గలవారు ఎడమకాలితో మాత్రమే తన్నవలెనను నియమముతో పోటీలు పెట్టి, వచ్చిన బంతిని ఒక్క తాకుడుతోనే పంపవలెనని శాసించి, ఆయన తన శిష్యులకు అలవరచినది దేహబలము కాదు, ముందుచూపు. బంతి రాకమునుపే తర్వాత అది ఎక్కడికి పోవలెనో తెలిసినవానికి గదా ఒక్క తాకుడు చాలును! ఈ బోధకు బలరాంకంటె తగిన పాత్ర దొరకలేదనవచ్చును. దారి ఖర్చులకు సైతము వెనుదీయవలసిన స్థితిలో నున్న ఆ యువకునికి సైకిలు అద్దె తానిచ్చి రహీం అభ్యాసమునకు పిలిపించుకొనెనని చెప్పుదురు.

ఇరువదియేండ్ల వయస్సున బలరాం 1956 మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో ఆడెను. భారతజట్టు నాలుగవ స్థానము పొందిన క్రీడలవి. ఆ సంవత్సరములలోనే హైదరాబాదు సంతోష్ ట్రోఫీని వరుసగా రెండుమారులు గెలిచెను. 1957లో బలరాం కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరి, ఆరేండ్లలో నూరు దాటిన గోళ్లు చేసి, 1961లో నాయకుడై ఆ క్లబ్బునకు లీగు విజయమును సంపాదించి పెట్టెను. 1960 రోమ్ ఒలింపిక్ క్రీడలలో భారతము మూడు ఆటలలో మూడు గోళ్లు చేయగా, హంగరీపై నొకటి, పెరూపై నొకటి బలరాం చేసినవి. ఫ్రాన్సుపై చేసినది పి. కె. బెనర్జీ. 1962 జకార్తా ఆసియాక్రీడలలో బలరాం థాయిలాండుపైనను జపానుపైనను చెరియొక గోలు చేసెను. ఆ క్రీడలలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి భారతము స్వర్ణము గెలుచుకొన్నది. చునీ గోస్వామి, బెనర్జీ, బలరాం అను ముగ్గురిని భారత ఫుట్‌బాల్ చరిత్రకారులు ఒక్క ఊపిరిలో చెప్పుదురు.

అయితే ముగ్గురి పనియు ఒకటి కాదు. బెనర్జీ కుడిప్రక్కనుండి దూసికొనివచ్చి బలముగా కొట్టువాడు. గోస్వామి బంతిని కాలికి అంటించుకొని మనుష్యులను దాటుకొనిపోవువాడు. ఇరువురి పనియు గ్యాలరీలోని కడపటి మనుష్యునికి సైతము కనబడును. బలరాం ఎడమప్రక్కన ఆడెను, లోపలి ఫార్వర్డుగా ఆడెను, నడుమ ఆడెను. జట్టునకు ఎచ్చట లోటున్న అచ్చటికి జరిగెను. లోపలి ఫార్వర్డు గోలువైపు పరుగెత్తుట మాని, పదిపదునైదు గజములు వెనుకకు, తన హాఫ్‌బ్యాకుల కడకు నడచివచ్చినచో ఏమగునో యూహింపుడు. వానిని కాయవలసిన డిఫెండరు సందిగ్ధమున పడును. వెంటబోయినచో వెనుక గుమ్మము తెరచినట్లగును. పోకున్నచో బంతి అందుకొన్నవాడు తిరిగి చూచి పాసు వేయుటకు తీరిక చిక్కును. ఆ రెండు సెకనుల సందిగ్ధమే ప్రక్కనున్న వింగరునకు దారి. 1953 నవంబరులో వెంబ్లీ మైదానమున హంగరీవారు ఇంగ్లండును 6-3తో భంగపరచినది సరిగా ఈ యుపాయముతోనే. హిదెగ్‌కుటి అనువాడు వెనుకకు జరిగి ఆడగా ఇంగ్లండు డిఫెండర్లకు ఎవనిని కాయవలెనో తోచలేదు. అయినను హిదెగ్‌కుటి ఆనాడు తానే మూడు గోళ్లు చేసెను గనుక లోకము వానిని గుర్తుంచుకొన్నది. వెనుకకు జరిగి, దారిచేసి, గోలును మరియొకనికి విడిచినవాని పేరు ఏ స్కోరుపుస్తకమున వ్రాయుదురు? ఆ రోజులలో గోలునకు ముందటి పాసును లెక్కించు ఆచారము సైతము మన దేశమున లేదు.

శ్రమను గూర్చి చెప్పునపుడు వాతావరణమును విడువరాదు. కలకత్తా లీగు వేసవి చివర మొదలై వర్షకాలమంతయు సాగును. చెమట లీటరొకటి ఆవిరియైనచో శరీరమునుండి సుమారు 580 కిలోకాలరీల వేడిమిని తీసికొనిపోవును. కాని గాలిలో తేమ నిండియున్నచో చెమట ఆవిరిగాక ధారలై కారిపోవును, కారిన చెమట వేడిమిని తీయదు. జులైలో కాకినాడ తీరమున మధ్యాహ్నము నాలుగడుగులు వేసినవాని కిది అనుభవమే. దక్కను పీఠభూమి పొడిగాలిలో పెరిగిన శరీరముతో బలరాం ఆ తేమలో, బురదలో, నీరు పీల్చి బరువెక్కిన తోలుబంతితో ఆడెను. ఆనాటి దేశీయపు పోటీలలో ఆట 90 నిమిషములకంటె తక్కువ కాలమే సాగెడిది గనుక నేటివారి గోళ్లతో నాటివారి గోళ్లను ఆటకింత యని పోల్చునపుడు ఆ నిమిషములను గూడ సరిచూడవలెను. పోల్చువారిలో నూటికి తొంబదిమంది ఆ పని చేయరు. 1963లో, ఇరువదియేడేండ్లు నిండకయే, ప్లూరసీ యను ఊపిరితిత్తుల పొరవాపు వలన బలరాం ఆట ముగిసినది. ఊపిరియే ఆధారముగా గల విద్యకు ఊపిరియందే దెబ్బ తగిలెను. అదే సంవత్సరము జూన్ నెలలో రహీం మరణించెను.

ఇక రెండవ ప్రశ్నకు వత్తము. ఎల్లకాలముల తులనలో మొదటి శత్రువు యాదృచ్ఛికత. సగటున ఆటకు 0.4 గోలు చేయు స్ట్రైకరు, అనగా అయిదాటలకు రెండు గోళ్లు చేయగల మంచి ఆటగాడు, మూడాటలు గల యొక పోటీకి పోయెననుకొందము. వాని వలన ఆశింపదగినవి 1.2 గోళ్లు. అరుదైన ఘటనల సంభావ్యతకు పాయసాన్ ఇచ్చిన సూత్రము ప్రకారము, వాడు తన సహజశక్తితోనే ఆడినను, ఒక్క గోలైన లేకుండ తిరిగివచ్చుటకు నూటికి 30 పాళ్లు అవకాశము గలదు. మూడింట నొకమారు గొప్పవాడు సైతము రిక్తహస్తములతో వచ్చునన్నమాట! కావున రోమ్‌లో బలరాం రెండును బెనర్జీ ఒకటియు చేసిరని బలరాంను పైకెత్తుటయు, జకార్తాలో బెనర్జీ అంతకంటె ఎక్కువ చేసెనని బలరాంను క్రిందికి దింపుటయు, రెండును సమానముగా దుర్బలమైన తర్కములు. నేను బలరాం పక్షపాతిని గనుకనే ఈ మాట ముందుగా చెప్పుచున్నాను. అనుకూలమైన చిన్న సంఖ్యను స్వీకరించినవాడు ప్రతికూలమైన చిన్న సంఖ్యను త్రోసివేయుట న్యాయము కాదు.

రెండవ శత్రువు కాలభేదము. ప్రపంచకప్పు చరిత్రనుండి ముగ్గురిని తీసికొందము. 1954లో హంగరీ వీరుడు కోచిష్ అయిదాటలలో 11 గోళ్లు చేసెను. 1958లో ఫ్రాన్సు దేశపు ఫోంతేన్ ఆరాటలలో 13. 1970లో పశ్చిమ జర్మనీ ముల్లర్ ఆరాటలలో 10. ఆటకు సగటు చూచినచో కోచిష్ 2.20తో ప్రథముడు, ఫోంతేన్ 2.17తో ద్వితీయుడు, ముల్లర్ 1.67తో దూరముగా తృతీయుడు. కాని 1954 పోటీలో 26 ఆటలలో 140 గోళ్లు వచ్చెను, అనగా ఆటకు 5.38, గోళ్ల వరద ఆ సంవత్సరపు లక్షణము. 1958లో 35 ఆటలకు 126, అనగా 3.60, 1970లో 32 ఆటలకు 95, అనగా 2.97. ప్రతివాని సగటును ఆ సంవత్సరపు సగటుతో భాగించినచో ఫోంతేన్ 0.60, ముల్లర్ 0.56, కోచిష్ 0.41. ప్రథముడు తృతీయుడైనాడు, దూరముగా నున్న ముల్లర్ ఫోంతేన్ భుజము తాకుచున్నాడు. భాగహారమొక్కటి చేసినంతమాత్రముననే పట్టిక తలక్రిందులయ్యెను. దీనితో తులన పూర్తియైనదని యనను; జట్టుల బలాబలములు, నియమముల మార్పులు, బంతి, పాదరక్షలు, మైదానము అన్నియు మిగిలియే యున్నవి. కాని ఈ పాటి భాగహారమైన చేయక ఎల్లకాలముల పట్టిక వేయువాని మాటను నేను లక్ష్యపెట్టను.

మూడవదియు, నా దృష్టిలో అన్నిటికంటె బలవత్తరమైనదియు నగు శత్రువు సాక్ష్యలోపము. ఫోంతేన్ కూడ కాలి ఎముక విరిగి 1962లో ఇరువదియెనిమిదేండ్లకే ఆట మానెను. అయినను వాని 13 గోళ్లు ప్రపంచకప్పు పుస్తకమున శాశ్వతముగా నిలిచినవి. వాని పేరు ప్రతి నాలుగేండ్ల కొకమారు తిరిగి వినబడును. బలరాం చేసినవి కలకత్తా బురదలో, హైదరాబాదు మట్టిమైదానములలో, చలనచిత్ర యంత్రములు తొంగిచూడని చోట్ల చేసినవి. మనుష్యుని ప్రతిష్ఠ వాడు చేసినదానిమీద కొంతయు, చేసినదానిని నమోదు చేసినవారిమీద మరికొంతయు నాధారపడును. గోస్వామికి 1983లోను, బెనర్జీకి 1990లోను పద్మశ్రీ బిరుదములు వచ్చెను. ఫీఫా సంస్థ బెనర్జీని ప్రత్యేకముగా గౌరవించినది. అవన్నియు వారికి తగినవే. బలరాంకు 1962నాటి అర్జున పురస్కారము తప్ప ఏ పద్మ పురస్కారమును రాలేదు. 2023 ఫిబ్రవరి 16వ తేదీన ఎనుబదియారేండ్ల వయస్సున ఆయన మరణించువరకు హుగ్లీ తీరమందలి ఉత్తరపారాలో నిశ్శబ్దముగా జీవించెను. ఆయనను గూర్చి తెలుగులో వెలువడిన వ్రాతలు ఆ ప్రతిభకు ఏ మాత్రము సరిపోవు. ఇది నాకు మనఃపూర్వకమైన బాధ.

సాక్ష్యము లేనిచోట తీర్పు చెప్పవచ్చునా యని అడుగవచ్చును. చెప్పవచ్చుననియే నా యభిప్రాయము. కాని పద్ధతి మారవలెను. గోళ్లు దొరకనిచోట పరోక్షప్రమాణములను వెదకవలెను. రహీం వంటి కఠినశిక్షకుడు ఒక ఆటగానిని ఎన్ని స్థానములలో నమ్మి నిలిపెను? మెల్బోర్నునుండి జకార్తావరకు ఆరేండ్లలో జట్టులో ఎందరో మారినను మారనివారెవరు? వాడు ఆడిన కాలమున ప్రక్కవారి గోళ్లు పెరిగెనా తరిగెనా? ఈ చివరి ప్రశ్న శాస్త్రమునకు మిక్కిలి సన్నిహితమైనది. ఆటగాని విలువను వాడున్నప్పటి జట్టునకును లేనప్పటి జట్టునకును గల భేదముతో కొలుచు గణితపద్ధతులు నేడు విరివిగా వాడుకలో నున్నవి. పాత పత్రికల ఆటవార్తలను ఒక్కొక్కటిగా తిరుగవేసి, ఎవరు ఆడిరి, ఎవరు ఆడలేదు, ఎన్ని గోళ్లు వచ్చెను అను మూడు గళ్ల పట్టికను కట్టగల ఓపిక గల విద్యార్థికి ఇది జీవితకాలపు పని కాదు, ఒక్క వేసవి పని.

నేటి బాలురకును ఇదే విధముగా చూచుట నేర్పవచ్చును. మీ ఊరి మైదానములో సాయంకాలము జరుగు ఆటలో ఒక ఫార్వర్డు నెంచుకొని, పది నిమిషములు బంతిని పూర్తిగా మరచి వానినే చూడుడు. ఇరువది సెకనులు నడచును, ఆగును, భుజము మీదుగా వెనుకకు చూచును, డిఫెండరు చూపు బంతివైపు మళ్లిన క్షణమున మూడడుగులు దగ్గరి గోలుస్తంభము వైపు విసురుగా వేసి, బంతి రాకపోగా తిరిగి నడచివచ్చును. ఆ మూడడుగులకు డిఫెండరు కదలెనా? కదలినచో వాడు విడిచిన చోటికి ఎవడైన వచ్చెనా? వచ్చినవానికి బంతి అందెనా? నాలుగు గీతలు గల కాగితము చాలును. పది నిమిషములలో వాడు బంతిని ఎన్నిమారులు తాకెనో కూడ పక్కన వ్రాసికొన్నచో, 1976లో టేపు రికార్డరు పట్టుకొని కూర్చున్నవారు కనుగొన్నదేమో మీ కన్నులతోనే మీరు కనుగొందురు.

నా తీర్పు అడిగినచో దాచను. గోలు చేయుటలో బెనర్జీని, బంతిమీది వశీకారమున గోస్వామిని పైన నుంచువారితో నాకు తగవు లేదు. కాని ముందువరుసలో ఏ స్థానమున నిలిపినను ఆడగలిగి, తాను వెనుకకు తగ్గి ఇతరులకు దారి తీసి, అవసరము వచ్చినపుడు రోమ్‌లో హంగరీవంటి జట్టుమీద తానే గోలు చేయగలిగిన సంపూర్ణ ఫార్వర్డు ఆ ముగ్గురిలో బలరాం. ఆరేడేండ్ల ఆటతోనే ఆయన ఆ స్థానమును సంపాదించెను. ఊపిరితిత్తులు మరి అయిదేండ్లు సహకరించియుండిన, ఈ అధ్యాయమున ఆయన పక్షమున ఇంతగా వాదింపవలసిన యవసరము నాకుండెడిది కాదు.